ఫొటోలో లేని గాటు

పోయిన వారం మన సివంగిని లోన్ ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. పశువైద్య విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది, ఇక అప్పు చేతికి రావడమే తరువాయి అనుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళిన పిల్ల, "దరఖాస్తులో ఉన్న ఫొటో నీది కాదు" అనిపించుకుని బయటపడింది. పాపం ఆ మెట్ల మీదే కూలబడి ఏడుస్తోందేమోనని ఈ వారమంతా బెంగపెట్టుకున్నవాళ్ళు ఉంటే, వాళ్ళకి ఆమె సంగతి ఇంకా తెలియలేదన్నమాట. సివంగి ఏడవలేదు. ఏడ్చే రకమే అయితే ఆ పేరు వచ్చేది కాదు. టీకా వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ వేలు పట్టుకుని కొరికిన నాడు నాయనమ్మ పెట్టిన పేరది. బడి రిజిస్టరులో వేరే పేరేదో ఉంది గానీ, దానితో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూడదు.

విషయం నాలుగు ముక్కల్లో ఇదీ. సివంగి ఎడమ కనుబొమను అడ్డంగా చీలుస్తూ ఒక గాటు ఉంది. చిన్నప్పుడు మురుగు కాలవ ఊచల మధ్య ఇరుక్కుపోయిన పిల్లిని బయటికి లాగితే, ఆ పిల్లి ఇచ్చిన బహుమానం అది. దరఖాస్తులో గుర్తింపు చిహ్నం కింద ఆ గాటే రాసింది. అంతటితో ఊరుకోలేదు. "ఈ చదువే ఎందుకు చదవాలనుకుంటున్నారు?" అని వ్యాసం రాయమంటే, "పైన ఉన్న ఫొటోలో నా కనుబొమ మీద మీకు కనిపిస్తున్న గాటు ఒక పిల్లి పెట్టింది. ఆ రోజే నేను పశువుల డాక్టర్ని కావాలనుకున్నాను" అని మొదలుపెట్టింది. చదివిన ప్రతివాళ్ళూ శభాష్ అన్న వ్యాసం. తీరా చూస్తే ఆ ఫొటోలో కనుబొమ నున్నగా, నిండుగా ఉంది. గాటు లేదు సరికదా, గాటు ఉండేదన్న ఆనవాలు కూడా లేదు.

ఫొటో తీసింది ఎవరో కాదు, సొంత తండ్రి. వీధి మూల మీద స్టూడియో ఆయనదే. ఫొటో అక్కడినుంచే నేరుగా దరఖాస్తులోకి ఎక్కింది. ఫోన్ తెర మీద గోరంత బొమ్మను ఎవరు పట్టి పట్టి చూస్తారు? సివంగీ చూడలేదు.

"పరీక్ష ఒకళ్ళు రాసి, ఫొటో ఇంకొకళ్ళది పెట్టి, సీటు వేరేవాళ్ళు తీసుకోవడం మేం చాలా చూశాం," అంది లోన్ మేడమ్. గొంతు పెంచలేదు, చేతిలో పెన్ను కూడా కింద పెట్టలేదు. "ఫొటో తీసినాయన దాన్ని మార్చానని రాసి సంతకం పెట్టాలి. మార్చని ఫొటో దానికి జత చెయ్యాలి. రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోగా రెండూ నా బల్ల మీద ఉంటే యూనివర్సిటీకి పంపిస్తాను. లేదంటే నీ సీటు తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది."

"నేను నేనే మేడమ్! ఇదిగో, నా మొహం మీ ముందే ఉంది కదా!"

"అదే కదమ్మా చిక్కు. నీ మొహం ఉంది. ఫొటోలో ఆ మొహం లేదు."

ఆ మాట చెవిలో గింగురుమంటుండగా సివంగి బస్సెక్కింది. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇంత కోపం పెట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు. కడ్డీ పట్టుకుని నిలబడి, ఇంటికెళ్ళి ఏమేం అనాలో వరసగా కూడబలుక్కుంది. బస్సు కుదిపినప్పుడల్లా ఆ వరస తప్పిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. దిగేసరికి ఒక్క మాటే మిగిలింది. నా మొహం మీద చెయ్యి వెయ్యమని మీకు ఎవరు చెప్పారు?

కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, తాళాలవాడి బల్ల, పాత పుస్తకాల బండి దాటితే స్టూడియో. అద్దాల కిటికీ వెనక నమూనా ఫొటోలు వరసగా ఉంటాయి. పెళ్ళికూతుళ్ళు, బోసినవ్వుల పిల్లలు, యూనిఫారాల్లో పట్టాలు పట్టుకున్న కుర్రాళ్ళు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ ఆ కిటికీ పక్కనే తిరిగింది సివంగి. ఈ రోజు మొదటిసారి నిలబడి చూసింది. ఒక్కరికి పుట్టుమచ్చ లేదు. ఒక్కరికి మొటిమ లేదు. ఈ వీధి మనుషులేనా వీళ్ళు? తాళాలవాడి ముక్కు మీద బఠాణీ గింజంత కాయ ఉంటుంది, కిటికీలో ఆయన ముక్కు చక్కగా ఉంది. ఇన్నాళ్ళూ ఇది గమనించనందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"నాన్నా!"

కెమెరా వెనక వంగి ఉన్న తండ్రి తల తిప్పలేదు. ఎదురుగా స్టూలు మీద టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, ఉద్యోగం కోసం కాబోలు, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"గడ్డం కొంచెం పైకండీ," అన్నాడు తండ్రి.

పెద్దమనిషి గడ్డం అప్పటికే సీలింగు ఫ్యాను వైపు ఉంది. పాపం, ఇంకా పైకెత్తాడు.

"నాన్నా, నిన్నే!"

"ఉండమ్మా, ఒక్క క్షణం. ఆఁ సార్, ఇంకొంచెం పైకి."

"ఇంకొంచెం పైకంటే ఆయన వెనక్కి పడతాడు! సార్, మీరు లేవండి. స్టూడియో మూసేశాం."

"మూసేశారా? డబ్బులు కట్టానమ్మాయ్!"

"తిరిగి ఇచ్చేస్తాం. మీ మొహం మీకే కావాలంటే ఇంకో స్టూడియో చూసుకోండి."

పెద్దమనిషి తండ్రి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, ఈ గొడవలో తన టై కూడా దక్కేలా లేదనుకున్నాడో ఏమో, సంచీ తీసుకుని జారుకున్నాడు. పక్క గదిలో ఫ్రేముల కోసం గాజు కోస్తున్న తల్లి చేతిలో పనిముట్టు ఆగింది. మూలన కొత్త ప్రింటింగ్ మిషన్ దగ్గర నిలబడ్డ అన్న తలెత్తాడు, మళ్ళీ దించుకున్నాడు.

"నా గాటు ఏమైంది?" అంది సివంగి.

"ఏ గాటమ్మా?"

"ఎన్ని ఉన్నాయి నాన్నా నాకు గాట్లు? ఇదిగో ఇది!" జుట్టు వెనక్కి లాగి కనుబొమ చూపించింది. "అప్లికేషన్ ఫొటోలో ఇది లేదు. ఎవరో దొంగపిల్ల నా బదులు వచ్చిందని ఆఫీసులో అందరి ముందూ అనిపించుకుని వస్తున్నా. నువ్వే తీశావా దీన్ని?"

తండ్రి కెమెరాకి మూత పెట్టాడు, తడుముకుని మళ్ళీ సరిగ్గా పెట్టాడు. మొహం మిషన్ ఉన్న మూల వైపు ఒకసారి తిరిగి, మళ్ళీ కూతురి వైపు వచ్చింది.

"అవునమ్మా. అలవాటు. చెయ్యి అలవాటు, అంతే. మొహం కనిపిస్తే మచ్చ తీసేస్తుంది."

"అలవాటా?"

"బాగుంటావని..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోపం నషాళానికి అంటడం అంటే ఏమిటో ఆ గదిలో ఉన్నవాళ్ళు అప్పుడు చూశారు.

"బాగుంటానా? నేను ఆవులకీ గేదెలకీ వైద్యం చెయ్యడానికి పోతున్నా నాన్నా! అవి నా కనుబొమ చూసి ముచ్చటపడాలా? అదిగో, ఆ గోడ మీద బోర్డు ఎవరు రాశారు? 'ప్రభుత్వ అవసరాల ఫొటోలకు టచింగ్ చెయ్యబడదు' అని ఎర్ర రంగుతో నువ్వే రాశావు. ఊరందరికీ చెప్పే నీతి ఇంట్లో పిల్లకి పనికిరాలేదా?"

"తప్పే..."

"తప్పే అంటే అయిపోతుందా? ఆ గాటు నాది! ఈ ఇంట్లో నాకున్నవన్నీ మీరు కొనిచ్చినవే, బట్టలూ చెప్పులూ పుస్తకాలూ అన్నీ. అదొక్కటి నేను సంపాదించుకున్నా. నెత్తురు కారుతున్నా పిల్లిని వదల్లేదు నేను. మీకు గుర్తులేదేమో, నాకు గుర్తుంది. ఆ సంగతి రాస్తేనే వాళ్ళు నాకు సీటిచ్చారు. నా మార్కులు చూసి కాదు, దాన్ని చూసి ఇచ్చారు! దాన్నే తుడిచేశావు!"

తండ్రి తన జీవితంలో గొంతెత్తి మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మచ్చ తీయడంలో మాత్రం ఆయనది పేరున్న చెయ్యి. కంప్యూటర్లు రాకముందు, సన్నటి బ్రష్షుతో నెగెటివ్ మీద పనిచేసే రోజుల్లో, పక్క వీధి స్టూడియోలవాళ్ళు కూడా కష్టమైన మొహాలు ఈయన దగ్గరికే పంపేవాళ్ళు. ఆ పనితనం మీదే ఇల్లు నిలబడింది, పిల్లలు పెరిగారు. ఆ చెయ్యే ఇవాళ కూతురి సీటు తుడిచేసిందంటే ఆయన ఏం మాట్లాడగలడు?

"కాగితం తేమ్మా," అన్నాడు చివరికి. "మార్చింది నేనే అని రాసి సంతకం పెడతాను. రేపు నేనే వచ్చి ఆ మేడమ్‌కి చెప్తాను."

"ఆగండి నాన్నా," అన్నాడు అన్న.

ఇంతసేపూ మిషన్ని తుడుస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డవాడు అప్పుడు నోరు విప్పాడు. సివంగి అతని వైపు తిరిగింది.

"ఎందుకు ఆగాలి?"

"కొంచెం చల్లబడు, చెప్తా. నాన్న ఆ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో ఆలోచించావా? గుర్తింపు ఫొటోలు తియ్యడానికి గవర్నమెంటు పర్మిషన్ ఉన్న స్టూడియో ఈ చుట్టుపక్కల మనదొక్కటే. ఆ ఫొటోలు మార్చామని మన చేత్తో మనమే రాసిస్తే పర్మిషన్ తీసేస్తారు. తీసేస్తే మనకి మిగిలేది ఆ కిటికీలో బొమ్మలే."

"అయితే?"

"అయితే ఏంటి? నీ లోన్‌కి హామీ ఏం చూపించాం? ఈ స్టూడియో ఆదాయం. హామీ సంతకం ఎవరిది? నాన్నది. పర్మిషన్ పోతే ఆదాయం లేదు, ఆదాయం లేకపోతే హామీ లేదు. అంటే నువ్వు నువ్వేనని తేలుతుంది గానీ లోన్ రాదు. పైగా ఈ మిషన్ ఈఎంఐలు మన పీకల మీదే ఉంటాయి."

అన్న చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే సివంగికి ఎక్కువ మంట పెట్టింది. సంతకం పెడితే అప్పు రాదు, పెట్టకపోతే సీటు పోతుంది. ఎటు తిరిగినా నష్టం తనకే, తప్పు మాత్రం తనది కాదు.

"బాగుంది. చాలా బాగుంది. అంటే నీ మిషన్ కోసం నేను దొంగనని ఒప్పుకోవాలి. పరీక్ష ఎవరో రాసిపెట్టారని నలుగురూ అనుకుంటే పడుండాలి. ఇంతేనా?"

"నేను అలా అన్నానా?"

"ఇంకెలా అంటారు? వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోవచ్చులే అంటావు, అంతేగా?"

"పెట్టుకుంటే తప్పేంటి?"

"ఒకసారి దొంగ అని ముద్రపడ్డాక ఏ యూనివర్సిటీ రానిస్తుంది? రెండేళ్ళు! పగలు మందుల షాపులో నిలబడి, మిగిలిన టైమంతా పుస్తకాల్లో తల దూర్చి చదివా. నువ్వు చూశావు. నువ్వే టీ పెట్టిచ్చావు చాలాసార్లు. ఇప్పుడు వచ్చే ఏడాది అంటున్నావు!"

అన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. సివంగి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమ ఏమీ లేదు.

"లే నాన్నా. సంతకం సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు అసలు ఫొటో కావాలి. నువ్వు పాడుచెయ్యకముందుది. తీసి చూపించు."

"అది... అన్నయ్య తీసిస్తాడమ్మా."

"నేను తీస్తాలే," అంటూ అన్న గబగబా ముందుకొచ్చాడు.

"నువ్వు కదలకు! మార్చినవాళ్ళే వెతకాలి. కూర్చో నాన్నా."

తండ్రి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కుర్చీ ఎక్కడుందో చేత్తో చూసుకుని మరీ కూర్చున్నాడు. సివంగి కోపంలో ఉంది, అది గమనించలేదు. ఆయన మౌస్ పట్టుకున్నాడు. తెర మీద బాణం గుర్తు అటూ ఇటూ తిరిగింది. ఈ సీజన్‌లో తీసిన ఫొటోలన్నీ చిన్న చిన్న గళ్ళలో బారులు తీరి వచ్చాయి. ఆయన ముక్కు తెరకి దాదాపు ఆనింది.

"ఎంతసేపు?"

"ఉండమ్మా, వస్తోంది."

"అక్కడ కాదు, కిందకి రా."

బాణం గుర్తు కిందికి దిగింది, మళ్ళీ పైకి పోయింది. చివరికి ఒక గడి మీద ఆగింది. ఆయన నొక్కాడు. ఫొటో తెర నిండా పరుచుకుంది.

"ఇదిగో," అన్నాడు తండ్రి. గొంతులో తేలికదనం వినిపించింది. "చూడు, గాటు ఉంది కదా. అసలుది ఉంది. ఎక్కడికీ పోలేదు." అంటూ తెర మీద ఒక కనుబొమను వేలితో చూపించాడు.

తెర మీద ఉన్నది సివంగి కాదు. ఎవరో రెండు జడల పిల్ల. సివంగికి జడే లేదు, జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంటుంది. తండ్రి వేలు పెట్టిన చోట గాటూ లేదు, మచ్చా లేదు.

సివంగి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నాడు, ఆమె ఒప్పుకుంటుందని ఎదురుచూస్తూ. ఆ కళ్ళు తెర మీదే ఉన్నాయి. కానీ అవి దేన్నీ చూడటం లేదు.

"నాన్నా," అంది. "ఇక్కడ ఎవరున్నారు?"

"నువ్వే కదమ్మా."

"నేను ఏ రంగు బట్టలు వేసుకున్నాను?"

మౌస్ మీద తండ్రి చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది.

పక్క గదిలోంచి తల్లి వచ్చింది. చేతులకున్న గాజుపొడి కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"చాల్లే, ఇక ఆయన్ని ఏడిపించకు," అంది. "నిరుడు చలికాలం నుంచీ ఆయనకి సరిగ్గా కనిపించట్లేదు. వెలుతురు, నీడ తెలుస్తాయి. మొహాలు తెలియవు. కెమెరా దానంతట అదే సరిచేసుకుంటుంది కాబట్టి నొక్కుతున్నాడు. గడ్డం పైకి, గడ్డం పైకి అని అందరికీ అదే చెప్తున్నాడు. ఆయన టచింగ్ మొహం చూసి ఏడాది దాటింది."

మామూలు కథల్లో అయితే ఇక్కడ కూతురు తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలి, ఆయన తల నిమరాలి. సివంగికి జాలి కలగలేదని కాదు. కలిగింది. కానీ దాని వెనకే, దానికంటే వేగంగా ఇంకో కోపం తన్నుకొచ్చింది.

"ఏడాదా? ఏడాది నుంచి ఈ ఇంట్లో నేను తప్ప అందరికీ తెలుసా?"

"చెప్తే ఏం చేసేదానివి?" అంది తల్లి. "అప్లికేషన్ పెట్టేదానివా? చదువూ గిదువూ వద్దని ఆ మందుల షాపులోనే ఉండిపోయేదానివి. అందుకే చెప్పలేదు. చెప్పొద్దన్నది ఆయనే."

"నా మొహం మార్చింది మీరు. నాకు చెప్పాల్సింది దాచింది మీరు. నా తరఫున ఆలోచించింది మీరు. ఇంకా నేనెందుకు ఇక్కడ? నా బదులు మీరే వెళ్ళి చదువుకోండి!" కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, వాటి మీద కూడా కోపం వచ్చి మోచేత్తో తుడిచేసుకుంది. అప్పుడు ఆమెకి అసలు సంగతి తట్టింది. మెల్లగా అన్న వైపు తిరిగింది.

"నాన్నకి కనిపించకపోతే నా గాటు తీసిందెవరు?"

అన్న మిషన్ తుడిచే గుడ్డ కింద పెట్టాడు.

"నిన్నే అడిగేది. ఇందాకటినుంచి నాన్నని పట్టుకుని నేను నానా మాటలూ అంటుంటే, ఆ మిషన్ తుడుచుకుంటూ నిలబడ్డావే, నువ్వేనా?"

"కావాలని చెయ్యలేదు."

"మరి?"

"సీజన్‌లో రోజుకి ఎన్ని ఫొటోలు వస్తాయో నీకేం తెలుసు? ఒక్కొక్కటీ కూర్చుని చూసే తీరిక ఉందా? బటన్ ఒకటి ఉంది. నొక్కితే మొహం మీద ఉన్నదంతా సాఫ్ అయిపోతుంది. ఫొటో లోపలికి రాగానే ఆ బటన్ దానంతట అదే నొక్కుకునేట్టు పెట్టాను. నీది కూడా అందులో కొట్టుకుపోయింది. నువ్వని ప్రత్యేకంగా చెయ్యలేదు."

"బోర్డు మీద రాసింది నీకు చదవడం రాదా?"

"బోర్డు రాసింది జనం కోసం. అదే జనం లోపలికొచ్చి, బాబూ కొంచెం చూసి మంచిగా చెయ్యి అంటారు. మచ్చ ఎందుకు తీశావని ఇప్పటిదాకా ఒక్కరు రాలేదు తెలుసా? నువ్వే మొదలు."

"ఎవరూ చూడలేదు కాబట్టి రాలేదు! నేనూ చూడలేదు! చూసిన రోజున ఆఫీసులో దొంగనయ్యా!" సివంగి ఒక్క అంగలో అతని ముందుకి వచ్చింది. "సరే, మిషన్ చేసింది, నువ్వు పరాకుగా ఉన్నావు, ఒప్పుకుంటా. ఇందాక నాన్న 'నేనే' అన్నప్పుడు? అప్పుడు ఏ మిషన్ నీ నోరు నొక్కింది? చూపు లేని మనిషి నీ తప్పు నెత్తిన వేసుకుంటుంటే, ఆగండి నాన్నా అని నీతులు చెప్పావే! నీకు అన్నం ఎలా దిగుతుందిరా అన్నయ్యా?"

'రా' అన్నది ఆమె జీవితంలో అదే మొదటిసారి. అన్న మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఈలోగా కుర్చీ చప్పుడైంది.

తండ్రి లేచి నిలబడ్డాడు. బల్ల అంచు పట్టుకుని, కొడుకు గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"రాయరా," అన్నాడు.

"నాన్నా..."

"రాయమన్నాను! నువ్వు చేసింది నువ్వు రాయి. నాకు చూపు లేదని కూడా రాయి. ఏడాది నుంచి నా పేరు మీద పని చేస్తున్నది నువ్వని రాయి. ఇందాక నిన్ను వెనకేసుకొచ్చాను చూడు, బుద్ధి లేక చేశాను. అది నా సొంత తప్పు. దానికి నా సంతకం నేను పెడతాను." ఆయన గొంతు వీధిలోకి వినిపించింది. కిటికీ అవతల వెళ్తున్న ఒకావిడ ఆగి లోపలికి తొంగిచూసింది. "పర్మిషన్ పోతే పోతుంది. మొహాలు కనిపించనివాడికి పర్మిషన్ ఎందుకు? హామీకి ఇంకెవరినైనా కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకుందాం. నా పిల్లని దొంగ అంటే మాత్రం నేను పడను."

తల్లి బల్ల సొరుగు లాగి తెల్లకాగితం తీసి కొడుకు ముందు పెట్టింది. అన్న కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. సివంగి అతని భుజం పక్కనే నిలబడింది, ఒక్క అక్షరం తప్పిపోయినా ఊరుకోనన్నట్టు. రేపు సాయంత్రం దాకా ఆగనక్కర్లేదు. పొద్దున్నే వెళ్ళి ఆ మేడమ్ బల్ల మీద ఇదీ, కెమెరా కార్డులో మిగిలిన అసలు ఫొటో రెండూ పెడితే తన మొహం తనకి తిరిగొస్తుంది. అప్పు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఉదయం నుంచీ మొదటిసారి ఆమెకి ఊపిరి సరిగ్గా ఆడింది.

అన్న రెండు ముక్కలు రాసి ఆగిపోయాడు.

"ఏమైంది? రాయి."

"ఏం రాయాలి?" అన్నాడు తలెత్తకుండా.

"బటన్ పెట్టావని రాయి. నా ఫొటో మార్చావని రాయి."

"నీ ఒక్కదానిదేనా?"

సివంగికి ముందు అర్థం కాలేదు.

"ఈ సీజన్ మొదలైనప్పటినుంచీ ఆ బటన్ నడుస్తోంది," అన్నాడు అన్న. "ఈ చుట్టుపక్కల కాలేజీలకి పెట్టుకున్న పిల్లలందరూ ఇక్కడే తీయించుకున్నారు. అన్నీ దాంట్లోంచే వెళ్ళాయి. బటన్‌కి లొంగనివి నేనే కూర్చుని చేత్తో తీశాను, పాపం చిన్నపిల్లలు కదా, బాగుంటారని. వాళ్ళెవరినీ ఇంకా ఎవరూ పట్టుకోలేదు. చాలామందికి సీట్లు వచ్చేశాయి కూడా. ఈ కాగితం ఆఫీసుకి వెళ్తే ఈ స్టూడియో ఫొటో ఉన్న ప్రతి అప్లికేషనూ ఆపేస్తారు. ఇప్పుడు చెప్పు. నీ పేరు ఒక్కటే రాయాలా, అందరివీ రాయాలా?"

తండ్రి మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాడు. తల్లి గోడకి చేరగిలబడింది. సివంగి చెయ్యి దానంతట అదే కాగితం మీదికి వెళ్ళింది, తీసుకోవడానికో ఆపడానికో ఆమెకే తెలియదు.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది.

"సివంగీ! ఎక్కడున్నావే? నాకూ వచ్చేసింది!"

వచ్చింది వీధి చివర రొట్టెల కొట్టువాళ్ళ అమ్మాయి. అక్షరాలు నేర్చిన నాటినుంచీ సివంగి పక్కనే కూర్చున్న పిల్ల. మోచేతుల దాకా పిండితో, పరుగెత్తుకొచ్చిన ఆయాసంతో లోపలికి వచ్చి సివంగిని రెండు చేతులతో వాటేసుకుంది.

"నర్సింగ్ సీటే! నిజంగా! మా నాన్న కొట్టు మూసేసి ఏడుస్తున్నాడు, నేను నవ్వలేక చస్తున్నా. రేపు పొద్దున్నే లోన్ ఆఫీసుకి రమ్మన్నారు. నువ్వు వెళ్ళిన ఆఫీసే. ఏం లేదంట, ఫొటోనీ మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటారంట, అంతే, సంతకం పెట్టెయ్యడమే. నాకు ఒక్కదానికి భయం, నువ్వూ రావే, కలిసి వెళ్దాం."

అన్న పెన్ను కింద పెట్టి, ఆ పిల్లని చూడలేక తల వంచుకున్నాడు.

సివంగి ఆమె భుజాలు పట్టుకుని కొంచెం వెనక్కి జరిపింది. చిన్నప్పటినుంచీ రోజూ చూస్తున్న మొహమే. పుట్టుకతో వచ్చిన నల్లటి మచ్చ కుడి చెవి దగ్గర మొదలై, చెంపంతా పరుచుకుని, పెదవి మూల దాకా వచ్చి ఆగుతుంది. ఆ పిల్ల ఎప్పుడూ దాన్ని దాచుకోలేదు, ఇప్పుడు కూడా దాని నిండా పిండి అంటించుకుని నవ్వుతోంది.

"ఏంటే," అంది నవ్వుతూనే, "నా మొహం వంక అలా చూస్తున్నావు?"